మళ్లీ కడుపు రాకుండా

1949 మార్చి 3, సూర్యాపేట
బిడ్డను మట్టిలో పెట్టి వచ్చాను. ఆడపిల్ల. పుట్టి ఏడవనైనా లేదు. స్నానం చేసి బడికి పోయాను. పిల్లలతో ఎక్కాలు చెప్పించాను. నాకూ ఏడుపు రాలేదు.

మార్చి 9
అనసూయకు పాలు ఇంకా వస్తున్నాయి. అమ్మ మల్లెపూలు తెచ్చి కోడలి రొమ్ములకు కట్టింది — పాలు ఇంకుతాయట. అనసూయ గోడ వైపు తిరిగి పడుకుంది. ఇల్లంతా మల్లెల వాసన.

మార్చి 20, మిర్యాలగూడ
దవాఖాన. లేడీ డాక్టర్ అనసూయను పరీక్ష చేసి, బయట కూర్చోబెట్టి నన్ను పిలిచింది.
"గుండె బాగలేదు పంతులుగారూ. ఇంకో కాన్పుకు తట్టుకోదు. మళ్ల కడుపు రావద్దు."
ఎట్లా అని అడిగాను. చేతులు కడుక్కుంటూ చెప్పింది. నెలలో కొన్ని రోజులు దూరంగా ఉండటం — కాన్పు తర్వాత బహిష్టు లెక్క తప్పుతుంది, నమ్మలేం. మగవాడు చివర్లో తప్పుకోవడం — అదీ నమ్మకం లేదు. గర్భసంచి మూతికి రబ్బరు టోపీ — వీర్యం లోపలికి పోకుండా అడ్డం. కొలత చూసి, మందు పూసి పెట్టాలి, వెంటనే తీయకూడదు. కానీ అనసూయకు లోపల వదులై అది నిలవదట. ఇక మగవాడికి రబ్బరు తొడుగు... చిరగనంత వరకు మంచిదే.
విన్నాను. ఎవరి సంగతో అన్నట్టు.

మార్చి 21
అమ్మకు చెప్పాను. "ఇంకో పిల్లను సూస్త కొడకా. దీన్ని గూడ ఉంచుకో, ఎవరొద్దన్నరు?" అనసూయ పొయ్యి దగ్గరే ఉంది. వద్దన్నాను.

ఏప్రిల్ 14, కోదాడ
తొడుగులు బామ్మర్ది బెజవాడ నుంచి తెచ్చాడు. కాగితంలో చుట్టి చేతిలో పెట్టాడు. "ఎవరికీ చెప్పకండి బావా. అక్క బతికితే చాలు." పొట్లం సంచి అడుగున పెట్టి బస్సెక్కాను.

ఏప్రిల్ 15
అనసూయకు చూపించాను. బడిలో పాఠం చెప్పినట్టు చెప్పాను.
"నాకు బిడ్డ గావాలె."
"డాక్టర్ ఏమన్నదో తెలుసు గదా."
"సచ్చేది నేను గదా. నీకేంది?"
పొట్లం తీసుకుపోయి పొయ్యిలో వేసింది. రబ్బరు కాలిన కంపు. ఏందది, ఏందది అని అమ్మ.

మే 2
అరుగు మీద పడుకుంటున్నాను.

మే 28
పొద్దున నీళ్లు తోడుతూ అడిగింది — "ఇట్ల ఎన్నాళ్లు బయట పంటవ్?" నిండిన బిందె ఎత్తి లోపల పెట్టాను.

జూన్ 6, మిర్యాలగూడ
ఒక్కడినే వచ్చాను. పిల్లలు పుట్టకుండా ఆమెకే ఆపరేషన్ చేయవచ్చు కదా అన్నాను.
"పొట్ట కొయ్యాలె, మత్తు ఇయ్యాలె. ఆ గుండెతోని నేను సాహసం చెయ్య."
మరి నాకు?
తలెత్తి చూసింది. "మీరే అడుగుతున్నరా?"
వీర్యకణాలు వచ్చే సన్నని నాళాలు రెండూ కోసి కట్టేస్తారు. చిన్న కోత. మగతనం పోదు. లోపల మిగిలినవి పోయేదాకా కొన్నాళ్లు తొడుగు వాడాలి. మళ్లీ అతికించడం అయ్యే పని కాదు. హైదరాబాద్ పోవాలి.
"ఇంట్ల చెప్పిండ్రా?"
లేదన్నాను.
"చెప్పి పోండి."

జూన్ 12
చెప్పాను. అనసూయ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చేయి ఆగింది.
"రేపు నేను సచ్చిపోయి నువ్వు ఇంకొకామెను చేసుకున్నా, నీకు పిల్లలు పుట్టరు గదా?"
"పుట్టరు."
"తెలిసే పోతున్నవా?"
"తెలిసే."
మళ్లీ ఏరడం మొదలుపెట్టింది.

జూన్ 13
హైదరాబాద్ బస్సు వేళకు సంచి తీశాను. బరువుగా ఉంది. నా పంచెల కింద ఆమె చీరలు.
"నేనొస్త. ఆ డాక్టర్‌తోని నేనే మాట్లాడుత."
ఆపడానికా, తోడుకా... అడగలేదు.
బస్సులో పక్కనే కూర్చుంది. పెన్సిల్‌తో రాస్తుంటే అక్షరాలు వంకర పోతున్నాయి. నకిరేకల్ దాటాం. కిటికీలోంచి బయటికే చూస్తోంది.