ఒక్కసారీ వెలగని లైటు

మా డ్రైవరమ్మకి,

నేనిక్కడ బాగానే ఉన్నాను. మీ అత్తాకోడళ్ళిద్దరూ బాగున్నారని నిన్న ఫోన్లో నీ కోపం వినగానే అర్థమైంది. ఒంట్లో బాగాలేని మనిషి అంత గట్టిగా కేకలెయ్యలేదు. "వ్యాను తియ్యకపోతే ఏడుగురు పిల్లల్నీ స్కూలుకి ఎవరు దింపుతారు, నువ్వొచ్చి దింపుతావా?" అని అడిగావు. వ్యాను తియ్యొద్దు, ఎండుగడ్డి మీద అసలే ఆపొద్దు, ఎందుకో ఉత్తరంలో రాస్తానని చెప్పి పెట్టేశాను. మొగుడన్నవాడు అలా మాట్లాడితే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది.

ఇక్కడ నాతోపాటు బండ్లు బాగుచేసే మన ఊరి పొడుగు మేస్త్రి రేపు సెలవు మీద ఇంటికి వస్తున్నాడు. ఈ ఉత్తరం, కొత్త ఆయిలు డబ్బా, బండికి తగిలించి లోపలి లోపాలు చూసే అతని స్కానరూ మన గుమ్మంలోకి ఒకేసారి వస్తాయి. సొరంగం పని ఇంకో నెల సాగేలా ఉంది. మెస్సులో కూర ఎలా ఉంటోందని అడిగావు కదా, అది కూర అని వంటవాడు చెబితే తప్ప తెలియడం లేదు.

నీ ఉత్తరం నిన్ననే అందింది. మొదటిసారి నవ్వుకుంటూ చదివాను. రెండోసారి చదివేటప్పటికి నవ్వు రాలేదు. నువ్వు అడిగినవాటికి వరసగా చెబుతాను, ఓపిగ్గా విను.

ఇంజను ఆపాక కూడా ముందు ఫ్యాను గుయ్యిమంటూ తిరుగుతోందనీ, పిల్లల్ని చూసుకోవడానికి నీతో వచ్చే అమ్మేమో "ఏదో మాడుతోందే" అంటూ దిగి బండి చుట్టూ వెతుకుతోందనీ రాశావు. అమ్మ ముక్కు ఎప్పుడూ తప్పు చెప్పదు. డీజిలు కాలితే మసి వస్తుంది. ఆ మసి బయటికి పోకుండా పొగగొట్టం దారిలో ఒక ఫిల్టరు ఉంటుంది, సన్నని కన్నాల పింగాణీ జల్లెడలాంటిది. అది నిండేకొద్దీ మసిని కాల్చెయ్యాలి. హైవే మీద అరగంట పరిగెత్తిస్తే ఆ వేడికి చాలావరకు దానంతటదే కాలుతుంది. లేకపోతే ఇంజనే కాస్త డీజిలు అదనంగా పోసి, ఫిల్టరుని నిప్పులా వేడెక్కించి, మసిని కాలుస్తుంది. దాన్ని మేము రీజెన్ అంటాం. ఇరవై నిమిషాల పని. మధ్యలో ఇంజను ఆపావా, సగంలో ఆగిపోతుంది. ఆ వేడి తగ్గించడానికే ఫ్యాను తిరుగుతుంది, ఆ వేడికే అమ్మకి మాడువాసన.

నీ రూటు చూడబోతే ఎనిమిది నిమిషాలకో పిల్లాడి ఇంటి గేటు. ప్రతి గేటు దగ్గరా ఇంజను ఆపుతావు. డీజిలు మిగులుతుందని ఆ అలవాటు నేర్పింది నేనే. ఫిల్టరున్న బండికి ఆ రూటులో అది పనికిరాదని చెప్పడం మర్చిపోయిన మేస్త్రిని కూడా నేనే.

ఇక ఆయిలు సంగతి. "తగ్గడం లేదు సరికదా కొలపుల్ల మీద గీత దాటి పైకొస్తోంది, నీ చేతి మహిమ" అని మురిసిపోయావు. నా చేతి మహిమ కాదే పిచ్చిదానా. రీజెన్ సగంలో ఆగిన ప్రతిసారీ కాలని డీజిలు కొంత కిందికి జారి ఆయిల్లో కలుస్తోంది. పెరిగింది ఆయిలు కాదు, డీజిలు. పలచబడ్డ ఆయిలుతో నడిపితే ఇంజను అరిగిపోతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు బండి ముక్కుతోందన్నావే, అది మాత్రం ఫిల్టరు నిండి పొగ బయటికి పోలేకనే.

సందు చివరి మెకానిక్ ఆ ఫిల్టరు కోసి లోపలిది పీకేస్తే పీడా పోతుందన్నాడా? వద్దని చెప్పు. చట్టం ఒప్పుకోదు, ఆ మాట అలా ఉంచు. పిల్లలు వెనక తలుపు నుంచి దిగుతారు. ఆ గొట్టం సరిగ్గా వాళ్ళ కాళ్ళ దగ్గరే. ఇంత మసీ ఆ ఏడుగురి ముక్కుల్లోకి పోతుంది.

చివర్లో, స్కూలు వెనక చెట్టు నీడలో, మోకాలెత్తు ఎండుగడ్డిలో బండి ఆపుకుంటున్నానని రాశావు. నా నవ్వు పోయింది అక్కడే. రీజెన్ సగంలో ఉండగా ఆ గొట్టం గడ్డికి తగిలితే అంటుకోవచ్చు. లోపల పిల్లలుంటారు, నువ్వుంటావు, అమ్మ ఉంటుంది. అప్పటికప్పుడు ఫోను చేసింది అందుకే.

ఇంతవరకూ చదివి నువ్వు ఏమంటావో నాకు తెలుసు. ఫిల్టరు అంతగా నిండితే మీటర్లో ఆ లైటు వెలగాలి కదా, మరి ఈ ఏడు నెలల్లో ఒక్కసారీ వెలగలేదేం? ప్రతి ఉత్తరంలోనూ రాశావు, "నువ్వు బాగుచేసి వెళ్ళాక ఆ లైటు ఒక్కసారీ వెలగలేదు" అని. చదివిన ప్రతిసారీ ఆ ఉత్తరం మడిచి పెట్టె అడుక్కి తోసేవాణ్ణి.

వెలుగుతూనే ఉండి ఉంటుంది. నీకు కనిపించదు. నేనే దాని మీద నల్ల టేపు అంటించాను.

మొదటిసారి ఆ లైటు వెలిగిన రోజు నువ్వేం చేశావో గుర్తుందా? నడిరోడ్డు మీద బండి ఆపేసి, పిల్లలందర్నీ దింపి, స్కూలు దాకా నడిపించుకుంటూ తీసుకెళ్ళావు. ఇంటికొచ్చి తాళం చెవి మేకుకి తగిలించి "ఇక నావల్ల కాదు" అన్నావు. తొమ్మిది రోజులు అది మేకు దిగలేదు. నేనేమో ఇక్కడికి బయలుదేరాలి. బండిని హైవే మీద తిప్పి లైటు ఆర్పాను. మర్నాడు మీటరు అద్దం ఊడదీసి, ఆ గుర్తు మీద టేపు అంటించి, "బాగుచేశాను, పో" అన్నాను. నువ్వు నమ్మి తాళం తీసుకున్నావు.

మూడో నెలలో వచ్చినప్పుడు ఊరికే తిరిగొస్తానని గంటసేపు వ్యాను తీసుకెళ్తే, స్నేహితుల కోసం పోయాననుకుని అలిగావు. హైవే మీద ఒక్కణ్ణే తిరిగి మసి కాల్చుకొచ్చాను. అప్పుడైనా చెప్పాల్సింది. నీ భయం పోగొట్టడానికే చేశానని ఇన్నాళ్ళూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది పూర్తి నిజం కాదు. ఇప్పుడు రాసిందంతా ఆ రోజు మెట్ల మీద కూర్చుని చెప్పి ఉంటే నీకు ఇట్టే అర్థమయ్యేది. నీకెందుకులే అనుకున్నాను. అదే నాకు సిగ్గుగా ఉంది. నన్ను క్షమించు.

పొడుగు మేస్త్రి ముందు ఆయిలు మారుస్తాడు. స్కానరు పెట్టి మసి ఎంతుందో చూస్తాడు. మరీ నిండిపోయి ఉంటే వర్క్‌షాపులోనే కాల్పిస్తాడు. దాని పక్కన టేపు లేని పసుపు ఇంజను లైటు వెలిగిందని నువ్వు రాయలేదు కాబట్టి అంతదాకా పోలేదనే నా ఆశ. అతను సరేనంటే, తాళం అతనికివ్వకు. నువ్వే నడుపు. అతను పక్కన కూర్చుంటాడు.

టేపు కూడా నువ్వే పీకు. అద్దానికి నాలుగు స్క్రూలుంటాయి, తీసినవి అమ్మ అరచేతిలో పెట్టు, పోవు. ఇంజను స్టార్ట్ చెయ్యగానే ఆ లైటు నీ మొహం మీదే వెలుగుతుంది. భయం వేస్తే వెయ్యనీ, బండి మాత్రం ఆపకు. అరవై దాటించి, నిలకడగా, అరగంట. నన్ను తిట్టుకుంటూ నడిపితే అరగంట ఎంతసేపు.

అయ్యాక ఫోను చెయ్యి. నాతో మాట్లాడాలని లేకపోతే అమ్మ చేత చెప్పించు, చాలు. ఈసారి లైటు కనిపించకపోతే, నిజంగా ఆరిపోయినట్టే.

ఇట్లు,
ఎన్ని తిట్లకైనా సిద్ధంగా ఉన్న
మీ ఆయన