పన్నెండు ఆవులు

ఏమండీ,

అన్నం, చారు మూతపెట్టి ఉన్నాయి. పెరట్లో కోళ్ళకి గింజలు వేశాను. తడిసిన పసుపు పొద్దువాలేలోగా రెండుసార్లు తిరగెయ్యండి. నేను రేపల్లె, అక్క వాళ్ళింటికి వెళ్తున్నా.

నిన్న మబ్బు కమ్మినప్పుడు, పసుపు మీద పట్టా కప్పుదాం రండని ఎన్ని కేకలు వేశాను! "ఉండవే, ఆవులకి మేత వేస్తున్నా" అన్నారు. మనింట్లో ఆవే లేదు! ఫోన్‌లో గేమ్ ఆవులు మేసేసరికి మన ఏడాది కష్టం వానలో నానిపోయింది.

అందుకే ఇవాళ మీరు స్నానంలో ఉండగా ఆ గేమ్ తెరిచి మీ పన్నెండు ఆవుల్నీ అమ్మేశాను. కాపుకొచ్చిన ద్రాక్షతోట పీకేశాను.

ఇంకోమాట. నిజంగానే అమ్మేయాలా అని ఆవు ఆవుకీ అడిగింది ఫోను. పన్నెండుసార్లూ అవుననే నొక్కాను.