ఎవరి అంతస్తుకు వారి కార్డు

ఫిబ్రవరి 26

లాబీలో నా పేరున్న ఇత్తడి పలక బిగించారు. ఆర్కిటెక్ట్ ఇదే బిల్డింగ్‌లో ఉండటం మన అదృష్టమన్నాడు కమిటీ ప్రెసిడెంట్. అంతస్తుకు ఒకే ఇల్లు, ఎవరి కార్డు పెడితే వారి అంతస్తులోనే లిఫ్ట్ ఆగుతుంది. పాలు, పేపరు కింద పెట్టెల్లోనే. పిలవని మనిషి మీ తలుపు తట్టడని చెప్పాను. చప్పట్లు కొట్టారు. మా ఆవిడ మాత్రం, ఇల్లు కట్టమంటే బ్యాంకు లాకరు కట్టారేంటండీ అంది. నవ్వేశాను.

మార్చి 8, ఉదయం 10:20

వాచ్‌మన్ ఫోన్ చేశాడు. నాలుగో అంతస్తులో ఒక్కరే ఉండే లెక్కల టీచర్‌గారి పాల ప్యాకెట్లు నిన్నటిదీ ఇవాళ్టిదీ పెట్టెలోనే ఉన్నాయట. ఇంటర్‌కమ్ ఎత్తడం లేదట. నా కార్డు పైకి పనిచెయ్యదు సార్, ప్రెసిడెంట్‌గారితో చెప్పి అన్ని అంతస్తులకూ పనిచేసే మాస్టర్ కార్డు ఇప్పించండి అన్నాడు.

ఇంటికొచ్చిన క్లయింట్‌కు ఈ బిల్డింగ్ ఫోటోలే చూపిస్తున్నాను అప్పుడు. చిరాకేసింది. ఆవిడ ఊరెళ్లుంటారు, ఊరికే మోగించి జనాన్ని విసిగించకు, ఇక ఆపు అన్నాను. సరే సార్ అన్నాడు.

మార్చి 9

టీచర్ ఊరెళ్లలేదు. బాత్‌రూమ్‌లో జారి పడింది. ఇవాళ మధ్యాహ్నం తమ్ముడి కూతురు తన దగ్గరున్న కార్డుతో వచ్చి చూసేదాకా అక్కడే ఉంది. రెండు రోజులు. తుంటి ఎముక విరిగింది. ప్రాణం ఉంది.

మార్చి 10

మీటింగ్. అందరూ వాచ్‌మన్ మీద పడ్డారు. కళ్లెదురుగా ప్యాకెట్లు పాడవుతుంటే ఏం కాపలా కాస్తున్నావని ఒకరు, నీకు జీతం దండగని ఇంకొకరు. మోగించాను సార్ అన్నాడు. మరి ఎందుకు ఆపావని ప్రెసిడెంట్ అడిగాడు. అతను నా వైపు చూశాడు. నేను పైకప్పు చూశాను. అక్కడ చెమ్మ మరక ఉందని కూడా కనిపెట్టాను.

తప్పయింది సార్ అన్నాడు అతను. నెలాఖరుకు మానేయమన్నారు. పార్కింగ్ ర్యాంప్ కింద గదిలో అతనూ, భార్యా, ఇద్దరు ఆడపిల్లలూ. నా ప్లాన్‌లో ఆ గది పేరు స్టోర్. కిటికీ పెట్టలేదు.

మార్చి 11

సిగ్గుగా ఉంది.

మార్చి 12

ఎనిమిదో తారీఖు పొద్దున ఫోన్ ఎవరు చేశారని మా ఆవిడ అడిగింది. సైట్ నుంచి అన్నాను. నా మొహం చూస్తే తెలిసిపోయే ఉంటుంది.

మార్చి 19

ఆసుపత్రికి వెళ్లాను. పళ్లు పట్టుకెళ్లాను, పెద్దమనిషిలాగా. టీచర్ నా చేయి పట్టుకుని, పడి ఉన్నప్పుడు ఇంటర్‌కమ్ మోతలు లెక్కపెట్టాను బాబూ అంది. లెక్కల మనిషిని కదా అని నవ్వింది కూడా. ముప్పై ఏడు మోతలట. అది మోగినంతసేపూ, ఎవరో ఉన్నారు, వచ్చేస్తారు అనుకుందట. ఉన్నట్టుండి ఆగిపోయింది, వాచ్‌మన్ తనంతట తాను ఆపే మనిషి కాదు, ఎవరు ఆపమన్నారో కాస్త కనుక్కుంటావా అంది.

కనుక్కుంటానన్నాను. ఛీ. అంత సులువుగా ఎలా వచ్చింది నా నోటికి ఆ మాట?

మార్చి 29

టీచర్ నిన్న ఇంటికొచ్చింది. వాచ్‌మన్ సామాను సర్దుకుంటున్నాడు. ఇక ఉండబట్టలేక లిఫ్ట్ ఎక్కి నాలుగు నొక్కాను. ఎర్ర లైటు. నాది ఐదో అంతస్తు కార్డు. మెట్ల మీదుగా దిగాను. నాలుగో అంతస్తు మెట్ల తలుపు లోపలి వైపు నుంచే తెరుచుకుంటుంది. అలా గీసింది నేనే. తట్టాను. చాలాసేపు తట్టాను.

వాకర్ చప్పుడు. ఎవరంది టీచర్. ఆపమన్నది నేనేనండీ అన్నాను తలుపుకే. మరి కమిటీతో చెప్పావా అంది. లేదన్నాను. ముందు అక్కడ చెప్పి రా, అప్పుడు తీస్తాను అంది. వాకర్ చప్పుడు దూరమైంది.

మార్చి 30

చెప్పాను. అందరి ముందూ. నా కాల్ లిస్టు కూడా చూపించాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వాచ్‌మన్‌ను ఉండమన్నారు.

ఏప్రిల్ 2

కింద లాబీలో లిఫ్ట్ ఎక్కి నాలుగు నొక్కాను. ఎర్ర లైటు. వాచ్‌మన్ వచ్చి, టీచర్ తనకిచ్చిన కార్డు జేబులోంచి తీసి ఆనించాడు. నా మొహం చూడలేదు. వెళ్లండి సార్ అన్నాడు.