ఆడ దుప్పి జాడ

ఆదివారం, మే 2009. ఫ్లాట్ బుష్.

ఉద్యోగం పోయి నాలుగు నెలలు. ఈ దేశంలో చలికాలం వచ్చే నెలే మొదలు. ఇవాళ పక్కింటి గ్రాంట్ నన్ను వేటకు తీసుకెళ్ళి తుపాకీ నా చేతికిచ్చాడు, నేను ఆ అవకాశాన్నీ పాడు చేశాను.

నిన్న ఇంటికొచ్చినప్పుడే చెప్పాడు. "కొమ్ములున్న మగ దుప్పి వెంట పడొద్దు రవీ. మాంసానికి ఆడదే మేలు. పర్మిట్ ఉచితం, ఒక్కటి దొరికితే చలికాలమంతా మీ ఇంటికి సరిపోతుంది." ఆ ధైర్యంతోనే నా భార్య లత ఫ్రీజర్‌లో కింది అర ఖాళీ చేసిపెట్టింది.

సాయంత్రం వాగు పక్కన ఆడ దుప్పి ఒంటరిగా కనిపించింది. "ఆగు, పక్కకు తిరగనీ" అన్నాడు గ్రాంట్ మెల్లగా. మళ్ళీ దొరకదేమోనన్న భయంతో నేను ఆగకుండా కాల్చేశాను. అది కూలబడి, లేచి, వెనక కాలు ఈడ్చుకుంటూ పొదల్లోకి పోయింది. నెత్తుటి చుక్కల వెంట చీకటి పడేదాకా వెతికాం. వాన మొదలయ్యాక అవీ కనబడలేదు.

"పొద్దున దాకా ఉండి వెతుకుదామా?" అని అడిగాను.

"అప్పటికి ఆ మాంసం పనికిరాదు."

"మాంసం కోసం కాదు గ్రాంట్."

అతను కారు వైపు నడిచాడు. నేనూ వెళ్ళాను. వెళ్ళకుండా ఉండాల్సింది.

తలుపు తీస్తూనే లత అడిగింది. "దొరికిందా అండీ?"

"అసలు కనిపించనే లేదు."

"పోనీలెండి, వచ్చేవారం మళ్ళీ వెళ్దురుగాని."

సరేనన్నాను. తను నమ్మి నిద్రపోయింది. అక్కడ అది ఇంకా బతికే ఉందేమో...