నేల మీద తీసిన కొలత

అమ్మకు,

కొండదారి బండికి ఇద్దరు అన్యాయం చేశారు. మొదట మా షెడ్డు యజమాని, ఆ తర్వాత నీ కొడుకు. ఈ ముక్క ముందుగానే రాసేస్తున్నాను. కుశలప్రశ్నలతో మొదలుపెడితే మొహమాటంలో పడి చివరిదాకా దాటేస్తానని భయం. ఇక నమస్కారాలు. ఇక్కడ నేనూ అక్కా ఒకే కప్పు కింద, రోజుకో తగువుతో, బాగానే ఉన్నాం. నువ్వు పైన ఆ గుడారాలు కుట్టే చోట, చలిగాలిలో దగ్గును పట్టించుకోకుండా కూర్చోలేదని నమ్ముతున్నాను.

నీ ఉత్తరం సరుకుల లారీ మామ నిన్న షెడ్డుకే తెచ్చి ఇచ్చాడు. గ్రీజు చేతులతోనే విప్పాను, మొదటి పేజీ మీద నా బొటనవేలి ముద్ర పడింది. నువ్వు అడిగినవాటికి వరసగా చెబుతాను. వేళకు తింటున్నాం. ప్రస్తుతం వంట నాది. అక్క మాట్లాడకుండా తింటోంది, అది మెచ్చుకోలు కాదు, ఓర్పు. పై గది కప్పు కారడం ఆగింది. నువ్వు పంపిన టార్పాలిన్ కప్పాను, అంత గాలివానలో కూడా నీ కుట్టు ఒక్కటి ఊడలేదు. రాత్రి దాని కింద పడుకుని వాన చప్పుడు వింటుంటే నువ్వు పక్కనే మిషను తొక్కుతున్నట్టుంది. కరపత్రాలు మానేశావా అన్నావు. మానలేదమ్మా. చదవడమే కాదు, రాస్తున్నాను కూడా. ఇక అక్క ఎందుకు రాయడం లేదని ఒకే ఉత్తరంలో రెండుచోట్ల అడిగావు. దానికి జవాబు కింద ఉంది. నీ అలవాటు ప్రకారం చివరి పేజీ ముందు చదవకు, వరసలో రా.

కొండదారి బండి నీకు తెలిసిందే. ఆరోగ్య కేంద్రం వాళ్ళది, పై ఊళ్ళకు మందులు తీసుకువెళ్ళి రోగుల్ని కిందికి తెస్తుంది. వాగులో రాళ్ళు అడుగున తగులుతున్నాయని దాన్ని బెత్తెడు ఎత్తు లేపమన్నారు. మా యజమాని పొడుగు స్ప్రింగులు వేసి లేపాడు. బాగానే లేపాడు, ఆ పనిలో ఆయనకు పేరు పెట్టలేం. కానీ వెనక చక్రాల మధ్య, ఇరుసు మీద అడ్డంగా ఒక వంపు కడ్డీ ఉంటుంది. స్వే బార్ అంటాం. మలుపులో బండి ఒక పక్కకు ఒరిగిపోకుండా పట్టి ఉంచేది అదే. దాని రెండు చివర్ల నుంచి పైనున్న చట్రానికి చెరో పొట్టి కడ్డీ బిగిస్తారు, అవి లింకులు. లింకు నిటారుగా నిలబడితేనే బరువు సరిగా మోస్తుంది. చట్రం పైకి పోయి, ఇరుసు కిందే ఉండి, లింకులు మాత్రం పాత పొడవువే ఉంటే ఏమవుతుంది? కురచ చొక్కా తొడుక్కుని చేతులు పైకెత్తిన మనిషిని తలుచుకో. అన్నీ లాక్కుపోతాయి. లింకులు ఏటవాలుగా పడ్డాయి, బార్ చివర్లు పైకి ఈడ్చుకుపోయాయి.

నేను చూసి చెప్పాను. ఆరోగ్య కేంద్రం వాళ్ళు తొందరపెడుతున్నారని, ముందు నడవనీ, తర్వాత చూద్దామని యజమాని అన్నాడు. నా సంగతి నీకు తెలుసు కదా, ఒళ్ళు మండింది. ఆ సాయంత్రమే "ప్రజల వెన్ను వంచిన లింకు" అని పెద్దక్షరాలతో కరపత్రం రాసి షెడ్డు గేటుకు అంటించాను. నిరసన సభకు రమ్మని పిలిచాను. వచ్చింది పంక్చర్ల దుకాణం అతను ఒక్కడే, అదీ గాలి గొట్టం అరువు అడగడానికి. యజమాని మాత్రం టీ గ్లాసు పట్టుకుని మొదటి అక్షరం నుంచి చివరిదాకా నిలబడి చదివాడు. చదివి, "రాత బాగుంది, కరపత్రం. ఇప్పుడు లింకులు నువ్వే చెయ్యి," అన్నాడు. అప్పటి నుంచి షెడ్డులో నా పేరు కరపత్రం.

చేశానమ్మా. ఎంత శ్రద్ధగా చేశానో చెప్పలేను. రెండు చివర్లా మర ఉండేలా, తిప్పితే పొడవు పెరిగేలా, తగ్గేలా కొత్త లింకులు తయారుచేశాను. బండిని లిఫ్టు మీద పైకెత్తి, కింద నిలబడి, మూలమట్టం పెట్టి, వెంట్రుకవాసి తేడా లేకుండా నిటారుగా బిగించాను. ఎర్ర రంగు కూడా వేశాను, ఆ రంగే ఎందుకో నువ్వు అడగవులే.

తప్పు ఎక్కడ జరిగిందంటే, బండి లిఫ్టు మీద ఉన్నప్పుడు చక్రాలు గాల్లో వేలాడతాయి. ఇరుసు బాగా కిందికి జారుతుంది. నేను ఆ వేలాడే ఇరుసుకు సరిపోయేలా లింకుల పొడవు పెట్టాను. దించి నేల మీద నిలబెట్టగానే బండి బరువుకు చట్రం కిందికి దిగి ఇరుసుకు దగ్గరైంది, లింకులు మరీ పొడవైపోయాయి, ఈసారి రెండో వైపుకు వాలాయి. దించాక వంగి చూసిన పాపాన పోలేదు. రంగు ఆరిందా లేదా అని మాత్రం చూశాను. మనింటికి కొలతలకు వచ్చినవాళ్ళు పొట్ట లోపలికి పీల్చుకుంటే, "ఊపిరి వదిలి మామూలుగా నిలబడండి, వేసుకుని తిరిగేది అలాగే కదా," అనేదానివి. నీ మిషను పక్కనే కూర్చుని పెరిగాను. అయినా గాల్లో కొలత తీశాను.

వారం తిరగకముందే, కొండ దిగుతుండగా మలుపులో బండి గుంతలో పడి లేచింది. ఎడమ లింకు మెలిపడి దాని కీలు గూటిలోంచి ఊడిపోయింది. బార్‌కు పట్టు పోయింది, బండి లోయ వైపుకు ఒరిగింది. డ్రైవరును ఊళ్ళో అందరూ నిదానం అంటారు, ఎద్దులబండి కూడా అతన్ని దాటిపోతుందని వెక్కిరిస్తారు. ఆ నిదానమే కాపాడింది. స్టీరింగు కొండ వైపుకు తిప్పి గట్టుకు ఆనించి ఆపాడు. పక్క అద్దం విరిగింది. లోపల పై ఊరి గర్భిణి ఒకామె ఉంది, పరీక్ష కోసం కిందికి వస్తోంది. ఆమెకు చిన్న గీత కూడా పడలేదు. నేను వెళ్ళి నిదానం మామయ్య చేతులు పట్టుకుంటే, "మెల్లగా పోతానని మీరందరూ నవ్వారు కదరా, ఇంకొన్నాళ్ళు నవ్వండి," అన్నాడు.  

బండిని లాక్కొచ్చి షెడ్డులో పెట్టిన రోజు నా పానాలు పెట్టెలో సర్దుకున్నాను. రాజీనామా కూడా రాశాను, నిండా నినాదాలతో. యజమాని ఆ కాగితం చేతిలోకి తీసుకోలేదు. ఊడిన కీలు మళ్ళీ తగిలించి, బండిని నేల మీదే ఉంచి, కింద అట్టముక్క పరుచుకుని వెల్లకిలా దూరాడు. పక్కన చేత్తో తట్టాడు, రమ్మని. పోయి పడుకున్నాను.

"లింకు ఎటు వాలింది?" అన్నాడు.

"అటు."

"నువ్వు బిగించినప్పుడు?"

"నిటారుగానే ఉందండీ."

"అప్పుడు బండి ఎక్కడుంది?"

జవాబు నోటికి రాకముందే నాకు తెలిసిపోయింది. "లిఫ్టు మీద," అన్నాను. ఆయన అన్నాడు, "నేను చూడకుండా పంపాను. నువ్వు చూశావు, గాల్లో చూశావు. ఇద్దరం ఒకే బండి కింద ఉన్నాం. ఇంక ఎవరు ఎవరి మీద అరుస్తాం, పద, లేచి పని చూద్దాం."

ఆరోగ్య కేంద్రం అధికారి వచ్చి ఇది బిగించింది ఎవరని గద్దిస్తే, "మా షెడ్డు," అన్నాడు. అంతే. నా వైపు చూడను కూడా లేదు. అమ్మా, నేను చదివిన ఏ కరపత్రంలోనూ యజమాని పనివాడి పక్కన అట్టముక్క మీద పడుకోలేదు. కరపత్రాలు తప్పని అనను, రాసినవాళ్ళు మా షెడ్డుకు రాలేదు, అంతే. ఆయనకు ఎంత రుణపడ్డానో మాటల్లో పెట్టలేక పదిహేను రోజులుగా ఆయన టీ గ్లాసు నేనే కడుగుతున్నాను. అలాగని చల్లారిపోయాననుకోకు. నేల మీద నిలబెట్టి, బరువు పెట్టి, ఇద్దరు కలిసి చూడందే ఏ బండీ గేటు దాటకూడదని గోడ మీద రాయమన్నాను. ఒప్పుకున్నాడు. "ఇది మాత్రం చిన్నగా రాయి, గోడంతా తినెయ్యకు," అన్నాడు.

ఇప్పుడు లింకులు సరిచేస్తున్నాం. చక్రాల్లో గాలి సరిచూసి, చదును నేల మీద బండిని నిలిపి, రెండు లింకులూ ఒకే పొడవుకు తిప్పి, నిటారుగా వచ్చాకే నట్లు బిగిస్తాం. తర్వాత ఒక్కో చక్రం కింద దుంగ పెట్టి, పూర్తిగా పైకి పోయినప్పుడూ కిందికి జారినప్పుడూ లింకు దేనికీ తగలడం లేదని, కీలు మెలిపడడం లేదని చూస్తాం. అయితే ఖాళీ బండికి తీసిన కొలతతో సరిపోదు. ఆ బండి కొండెక్కేది మనుషులతో. కాబట్టి మనుషుల్ని ఎక్కించే చూడాలి.

ఇక అక్క సంగతి.

ఆ రోజు ఆ బండిలో అక్క ఉంది. నర్సు లేకుండా ఆ బండి కదలదని నీకూ తెలుసు, కానీ నువ్వు ఆ మాట అడగకూడదని కోరుకుంటూ ఇంతదాకా రాశాను. బండి ఒరిగినప్పుడు ఆ గర్భిణిని రెండు చేతులా పొదివి పట్టుకుంది. అక్క కుడి మణికట్టు సీటు కడ్డీకి, తలుపుకు మధ్య పడి ఎముక చిట్లింది. పట్టీ వేశారు, అతుక్కుంటోందని డాక్టరు చెప్పాడు. అందుకే రాయలేదు, అందుకే వంట నాది. ఎడమ చేత్తో రాస్తే నువ్వు రాత చూసి కనిపెడతావని మానేసింది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టమని నేనే బతిమాలాను. "తిడితే నీ బరువు దిగుతుంది, దిగనివ్వను. ముందు బండి బాగుచెయ్యి," అంది. అక్క దగ్గర ఇంత కఠినం ఉందని తెలీదు, ఇంత ప్రేమ ఉందని కూడా.

ఆ గర్భిణికి నెలలు నిండుతున్నాయి. కాన్పు కష్టమవుతుందని, కిందికి తేవాలని అక్క అంటోంది. ఆమె అత్తగారు మాత్రం ఆ బండి తమ గడపకు రావద్దని తేల్చేసింది. పై ఊరంతా ఆమె మాటే. నేను వెళ్ళి లింకుల గురించి, కీళ్ళ గురించి చాలాసేపు ఉపన్యాసం ఇచ్చాను. ఆవిడ చాట పక్కన పెట్టి అంతా విన్నది. విని అడిగింది: "మీ అక్కది ఉద్యోగం, ఎక్కక తప్పదు. మీ అమ్మను ఎక్కిస్తావా, నాయనా? ఆమె ఎక్కితే ఆమె పక్కన నేను కూర్చుంటా. నేను కూర్చుంటే నా కోడల్ని పంపుతా."

ఎక్కిస్తానన్నాను. నిన్ను అడక్కుండా మాటిచ్చాను. నేను చెప్పుకోవలసింది ఇదే, మిగతాదంతా దీని దగ్గరికి రావడానికి రాసింది. నీకు భయం వేస్తే, నా చేతి పని మీద నీకు నమ్మకం లేకపోతే, అది న్యాయమే. నేనే పైకి వెళ్ళి మా అమ్మ రాలేదని చెబుతాను. కోపం వస్తే వచ్చి తిట్టు, ఊరందరి ముందూ తిట్టు, పడతాను. నువ్వు ఆ చలిలో గుడారాలు కుట్టి నన్ను ఇంతవాణ్ణి చేసింది నేను బండ్ల కింద పడుకోవడానికి కాదని అప్పుడప్పుడు అనుకుంటావేమో. కానీ అమ్మా, ఈ పదిహేను రోజులూ ఆ బండి కింద పడుకుని నాకున్న మనుషులందరినీ లెక్కపెట్టుకున్నాను. నాకు తక్కువేమీ చెయ్యలేదు నువ్వు.

సరుకుల లారీ శనివారం సాయంత్రం అక్కడి నుంచి దిగుతుంది. మామ తన పక్క సీటు నీకోసం ఖాళీగా ఉంచుతానన్నాడు. మోకాళ్ళ మీద దుప్పటి కప్పుకుని రా. కొత్త కరపత్రం ఒకటి పై ఊళ్ళో, బజారులో, ఆరోగ్య కేంద్రం తలుపు మీద అంటించాను. ఈసారి శత్రువు ఎవరూ లేరు అందులో. అక్క చెబుతుంటే రాశాను, సగం మాటలు కొట్టేయించింది. మిగిలింది ఇదీ:

బరువు కావాలి. కొండదారి బండికి లింకులు సరిచూస్తున్నాం. ముసలివాళ్ళు, పిల్లల తల్లులు, బస్తాలు మోసేవాళ్ళు, నమ్మకం లేనివాళ్ళు అందరూ రండి. ఎక్కి కూర్చోండి, దిగి కిందికి వంగి చూడండి, అడగాల్సింది అడగండి. ఆదివారం ఉదయం ఏడు గంటలకు, షెడ్డు గేటు లోపల.

ఏడింటికి రా, అమ్మా.

ఇట్లు,
నీ మాట కూడా తానే ఇచ్చేసిన
నీ కొడుకు