కలెక్టరూ, తాళాల గుత్తీ

4 ఏప్రిల్ 2022, సోమవారం

ఈ రోజు నుంచి కొత్త జిల్లాలు. మా ప్రకాశం కూడా కొత్తదే, అంటే పాత దాంట్లో కొంత కోసి పక్కోళ్ళకు ఇచ్చినాక మిగిలింది. మార్కాపురం జిల్లా కావాలని మావాళ్ళు ఎన్ని ధర్నాలు చేసినా రాలేదు. గిద్దలూరుకు ఎప్పటిలాగే ఒంగోలే గతి. అందువలన నేను ఒక చారిత్రక నిర్ణయం తీసుకున్నాను. జిల్లా ఇవ్వకపోతే పోనీ, కలెక్టర్‌ను మేమే నియమించుకుంటాం. మా సందులో పుట్టి మా గడప దగ్గర పెరిగిన ఏడాది వయసు నాటు కుక్కకు కలెక్టర్ అని పేరు పెట్టినాను. ఛార్జ్ తీసుకున్న పది నిమిషాలకే నా చెప్పు కొరికినాడు. పరిపాలన మొదలైంది.

అసలు సంగతి. నాకు బి.ఎస్సీ. కంప్యూటర్స్ ఫస్ట్ క్లాసు. నాకు ఫిట్స్ కూడా. ఈ రెండిట్లో ఊరికి రెండోదే గుర్తుంటుంది. జూన్ ఒకటి నుంచి బస్టాండ్ అవతల డీటీపీ సెంటర్లో ఉద్యోగం ఇస్తామన్నారు. నాయన పంపనన్నాడు. నాయన రైల్వేలో ట్రాక్‌మ్యాన్. లైను మీద ఏ బోల్టు వదులైనా కంటితోనే కనిపెడతాడు. ఇంట్లో బోల్టు నేను. బాగా బిగించి పెట్టినాడు.

7 ఏప్రిల్

దస్తగిరి మామ వచ్చినాడు. పోలీసు కుక్కల దళంలో ఇరవై ఏళ్ళు చేసి రిటైరైనాడు, మా వెనక వీధి. ఫిట్స్ వచ్చేవాళ్ళకు తోడుండేటట్టు కుక్కకు నేర్పొచ్చని నాయనకు ఓపికగా చెప్పినాడు. పడిపోగానే మూడుసార్లు మొరిగి జనాన్ని పిలవడం, పక్కన ఆనుకొని పడుకోవడం, ఇవి నేర్పగలడంట. ఫిట్ వచ్చేముందే పసిగట్టడం మాత్రం ఎవరూ నేర్పలేరంట. వస్తే దానికదే రావాలంట.

నాయన షరతు పెట్టినాడు. నువ్వు బజార్లో పడితే ఆ కుక్క మనిషిని తేవాల. మనిషి వస్తే ఉద్యోగానికి పో. రాకపోతే ఈ మాట మళ్ళీ ఎత్తొద్దు.

ఇరవై మూడేళ్ళ మనిషి భవిష్యత్తు కుక్క చేతిలో. ఏం దేశం నాయనా!

10 ఏప్రిల్

ఈ రోజు పదకొండు సార్లు పడినాను. నేర్పాలంటే ముందు నేను ఫిట్ నటించాలంట. నేల మీద కొట్టుకోవాల, కలెక్టర్ చూడాల. మొదటిసారి ముఖం నాకినాడు. రెండోసారి నా మీద కాలెత్తినాడు. ఏడోసారికి నాకే విసుగొచ్చి మధ్యలో నవ్వినాను, దస్తగిరి మామ తిట్టినాడు. ఫిట్‌లో నవ్వుతారా బేటా, డ్యూటీ డ్యూటీగా చెయ్ అన్నాడు. అమ్మ వంటింట్లో ఏడుస్తోంది. అసలు దానికంటే నటించేది చూస్తే ఎక్కువ భయమేస్తోందంట.

19 ఏప్రిల్

మూడుసార్లు మొరిగి నా వీపుకు ఆనుకొని పడుకున్నాడు. దస్తగిరి మామ కళ్ళు తుడుచుకున్నాడు. దుమ్మంట.

28 ఏప్రిల్, సాయంత్రం 5.30

పెరట్లో వచ్చిన పని బజార్లో రాదంట, అక్కడా పడాలంట. ఇది ట్రైనింగేనని ముందుగా అంగళ్ళవాళ్ళకు చెబుదామన్నాడు మామ. చెప్పి చేస్తే నాయన ఒప్పుకోడు, అది పరీక్ష కాదు అన్నాను. గెలిచినాను. నేను వాదనలో గెలవని రోజు లేదు, అదే నా జబ్బు. ఫిట్స్ రెండోది.

నాగేశ్వర్లు శెట్టి కిరాణా ముందు పడినాను. కలెక్టర్ పద్ధతిగా మొరిగినాడు. జనం వచ్చినారు! అందరి చేతుల్లో తాళాలు. ఒకరు స్కూటర్‌ది, ఒకరు బీరువాది, శెట్టి తన గల్లాపెట్టె గుత్తి మొత్తం తెచ్చి నా గుప్పిట్లో కుక్కినాడు. ఇనుము పట్టుకుంటే తగ్గుతుందంట! 2022! ఒకావిడ నా నోట్లో స్పూను పెట్టబోతే లేచి కూర్చున్నాను. పళ్ళు ఊడితే కట్టించేది ఎవరు?

ఇంటికొచ్చి కలెక్టర్ మెడకు కార్డు కట్టినాను. "ఈమెకు ఫిట్స్. పక్కకు తిప్పండి. నోట్లో ఏమీ పెట్టొద్దు. తాళాలు వద్దు." నాలుగో వాక్యం కింద రెండు గీతలు.

9 మే

నాలుగుసార్లు పడినాను బజార్లో, నాలుగుసార్లూ తాళాలే. కార్డు ఒక్కడూ చదవలేదు. ఈ రోజు మామ కలెక్టర్‌కు బిస్కెట్ ఇస్తుండగా, నేను లేచి దుమ్ము దులుపుకుంటుండగా శెట్టి పట్టుకున్నాడు. నాటకమా పాపా, గిరాకీ వదిలి పరిగెత్తి వస్తుంటే మాతో ఆటలా అని బజారంతా వినేటట్టు అరిచినాడు. మామ వివరించబోయినాడు. వినలేదు. నాకు సిగ్గేసింది. సిగ్గేస్తే నేను జోకులేస్తాను. నాలుగుసార్లూ నా గుప్పిట్లోకే, మీ తాళాల గురి బాగుంది శెట్టిగారూ అన్నాను. అనకుండా ఉండాల్సింది.

18 మే

నిన్న నిజంగా వచ్చింది.

నాకు గుర్తున్నది ఇంతే. ట్రైనింగ్ లేదు, ఊరికే కలెక్టర్‌తో సబ్బు కొనడానికి పోయినాను. శెట్టి అంగడి దగ్గర కలెక్టర్ నా పాదాల మీద కూర్చున్నాడు. లేవడు. లాగినాను. తిట్టినాను. పని దొంగవి, సస్పెండ్ చేస్తా అన్నాను. వాడు నా ముఖంలోకి చూసి చిన్నగా ఏడ్చినాడు.

ఎవరూ నేర్పలేనిదే అది. వాడు నేర్చుకున్నాడు. నేను తిట్టినాను.

నాలుక తెగింది. మాట్లాడలేను కాబట్టి రాస్తున్నాను.

19 మే

ఎవడో తీసిన వీడియో నా ఫోన్‌కు కూడా వచ్చింది. "డ్రామా పాప పార్ట్ 5" అని పేరు. నేను పడడం నేనెప్పుడూ చూడలేదు. ఆరుసార్లు చూసినాను.

కలెక్టర్ మూడుసార్లు మొరుగుతాడు. ఎవరూ కదలరు. తీసేవాడి నవ్వు దగ్గరగా వినబడుతుంది. శెట్టి గొంతు: ఎవరూ పోవద్దు, ఇప్పుడు లేచి దులుపుకుంటుంది చూడండి. అరటిపండ్ల బండి ఆవిడ రెండడుగులు వేసి ఆగిపోతుంది. మళ్ళీ మూడుసార్లు. వాడికి నేర్పింది అంతే, ఇంక రాదు. అప్పుడు నా చేతిని చూస్తాడు. ఖాళీ చెయ్యి. వాడు నేర్చుకున్న ఫిట్‌లో చేతిలో తాళాలు ఉంటాయి కదా, ప్రతిసారీ. ఈసారి లేవు. వాడు అంగట్లోకి దూకి, గల్లా మీదున్న గుత్తిని నోట కరుచుకొని వచ్చి నా అరచేతిలో పెడతాడు.

శెట్టి బూతులు తిడుతూ, చెప్పు చేతబట్టుకొని వెంటపడతాడు. తాళాల కోసం వంగుతాడు. నా నోటి రక్తం చూస్తాడు. చెప్పు కింద పడిపోతుంది. అయ్యో ఇది నిజమేనయ్యో అని అరిచి, రక్తం బయటికి కారేటట్టు నన్ను పక్కకు తిప్పుతాడు. కండువా తీసి తల కింద పెడతాడు.

రెండు నిమిషాల పది సెకన్లు. ముప్పై మంది. కోపంతో అక్షరాలు బాగా రావడం లేదు. వాళ్ళ మీదా, ఆ నవ్వు మీదా. ఐదోసారి చూసేటప్పటికి నా మీద కూడా.

20 మే

నాయన వీడియో చూసినాడు. శెట్టి నీ కోసం రాలేదు, తాళాల కోసం వచ్చినాడు, చెల్లదు అన్నాడు.

షరతులో "మనిషి రావాల" అని ఉంది, "నా కోసం రావాల" అని లేదు అన్నాను. తెగిన నాలుకతో. వినబడిందో లేదో. నాకోసం వచ్చే మనుషుల కోసం కూర్చుంటే ఈ ఇంట్లోనే ముసలిదాన్ని అవుతాను, కుక్క నీ షరతు నిలబెట్టింది, నువ్వు నిలబెట్టు అన్నాను. అరిచినాను. నాయన మీద మొదటిసారి. నోట్లో మళ్ళీ రక్తం.

నాయన లేచి, తన కంచంలోని కూరముక్క కలెక్టర్‌కు వేసినాడు.

25 మే

శెట్టి బత్తాయిలు తెచ్చినాడు. తిట్టడానికి నేను రాత్రి నుంచి రిహార్సల్ వేసి పెట్టుకున్నాను. ఆయన గడప దాటకుండా, మళ్ళీ వస్తే ఏం చెయ్యాలో చెప్పు పాపా అన్నాడు. తాళాలు పెట్టొద్దన్నాను. మరి చేతిలో ఏం పెట్టాల అన్నాడు. ఏమీ వద్దు, పక్కకు తిప్పి కూర్చోండి అన్నాను. అంతేనా అన్నాడు. అంతే అన్నాను.

కోపం పోలేదు. బత్తాయిలు తీయగా ఉన్నాయి, అది వేరే విషయం.

1 జూన్, ఉదయం 9.10

డీటీపీ సెంటర్‌కు బయలుదేరేముందు, పాత ఇనుము కొట్లో తీసుకున్న, ఏ బీగానికీ పట్టని ఆరు తాళాలు కలెక్టర్ మెడపట్టీకి కట్టినాను. కార్డులో నాలుగో వాక్యం కొట్టేసి కొత్తది రాసినాను.

"తాళాలు మేమే తెచ్చుకుంటాం. మీరు వస్తే చాలు."