నవ్వితే తీసే కెమెరా

మార్చి 4, మంగళవారం

ఆయనకి ఆర్డర్ వచ్చింది. కొత్త పోర్టులో ఏడాదిపాటు క్రేన్ నడపాలి. నెలాఖరుకి ప్రయాణం. అక్కడ గేటు దగ్గరే ఫోన్లు తీసేసుకుంటారట. అందుకని నా ఫోటో ఒకటి కావాలట, నవ్వుతున్నది. హెల్మెట్ లోపల అతికించుకుంటారట.

పెళ్ళి ఆల్బమ్ తీశాం. అన్నింట్లోనూ నా పాపిడే ఉంది. ఒక్కదాంట్లో తల ఎత్తాను, కానీ కళ్ళు మూసేశాను. ఆయన అక్క పక్క వీధిలోనే ఉంటుంది. వదిన వచ్చి చూసి, ఏమే పిల్లా, పెళ్ళిలో చెవికమ్మ పడిపోయిందా, అంతసేపూ నేలంతా వెతికావు అంది. ఆయనా నవ్వారు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

కాసేపటికి ఆయన వెనకే వచ్చారు. అమ్మది ఒక్క ఫోటో కూడా లేదు, ముఖం మరిచిపోతున్నాను, నీదైనా ఉండాలి అన్నారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

అత్తయ్యని నేను చూడలేదు. మా పెళ్ళికి ముందే పోయారు.

మార్చి 8, శనివారం

ఆయన డొక్కు ఫోన్‌లో ముఖాలు మసకగా వస్తాయని కెమెరా షాపుకి వెళ్ళాం. నువ్వే ఎంచుకో, దాని ముందు కూర్చోవలసింది నువ్వే కదా అన్నారు ఆయన. మా బడ్జెట్ వినగానే షాపాయన పెద్దవన్నీ మళ్ళీ అద్దాల బీరువాలోకి తోసేశాడు. ఏం తీస్తారు అని అడిగాడు. మా ఆవిడని అన్నారు ఈయన. ఇద్దరూ నా వైపు చూశారు. నేను నేల మీది టైల్స్ చూశాను.

షాపాయన మంచివాడే. పిక్సెల్స్ పిక్సెల్స్ అని ఎగబడకండి బాబూ, గోడంత బొమ్మ వేయిస్తారా ఏమన్నా, హెల్మెట్‌కి ఇది చాలు అన్నాడు. జూమ్ పిట్టల్ని తీసేవాళ్ళకట. లెన్సులు మార్చే రకం కొంటే లెన్సుల కోసం ఇల్లు అమ్ముకోవాలట. చేత్తో పట్టుకుని చూడమ్మా, చేతికి నచ్చనిది అటకెక్కుతుంది అన్నాడు. ఒక్కోటీ పట్టుకుని చూశాను. నల్లది బరువు. ఎర్రది జారిపోతోంది.

చివరికి వెండి రంగుది చూపించాడు. సెకండ్ హ్యాండ్. అందులో స్మైల్ మోడ్ ఉంది. స్క్రీన్ మీద ముఖం చుట్టూ పసుపు గడి వస్తుంది. ఆ ముఖం నవ్వితే దానంతట అదే తీసేస్తుంది. ఎవరూ నొక్కక్కర్లేదు.

అంటే ఎవరూ చూడక్కర్లేదు కూడా. అలమరలో పెట్టి నా పని నేను చేసుకోవచ్చు. ఇదే అన్నాను. షాపులో నేనన్న మాట అదొక్కటే. అత్తిపత్తికి నోరొచ్చింది అని ఆయన దారంతా ఆటపట్టించారు.

మార్చి 11, మంగళవారం. ఉదయం 10

ఆయన డ్యూటీకి వెళ్ళారు. కెమెరా ముందు గది అలమరలో పెట్టాను. దాని ఎదురుగా నా కుట్టుమిషను. నా వెనక వంటింటి గుమ్మం.

నవ్వొచ్చేవన్నీ గుర్తు చేసుకున్నాను. రాలేదు. సరేలే అని దిండు గలీబు కుట్టుకుంటున్నాను. టిక్కుమంది.

నేను నవ్వలేదు.

తీసి చూశాను. నేను గాలికి ఊగే బట్టలా అలుక్కుపోయి ఉన్నాను. వెనక గుమ్మం మాత్రం స్పష్టంగా ఉంది. గొళ్ళెం మీద గీత కూడా.

మార్చి 12, బుధవారం

ఇవాళా అంతే. గుమ్మమే.

మార్చి 13, గురువారం. మధ్యాహ్నం

కెమెరా ఆన్ చేసి పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. ఇంట్లో ఎవరూ లేరు. టిక్.

తడి చేతులతోనే పరుగెత్తాను. స్క్రీన్ మీద ఖాళీ గుమ్మం. అందులో పసుపు గడి, నా చెవి ఎత్తున, కాస్త పక్కకి. మనిషి తల చట్రానికి ఆనించి నిలబడితే ముఖం ఎక్కడ ఉంటుందో అక్కడ. గుమ్మం వైపు చూస్తే ఏమీ లేదు. స్క్రీన్ చూస్తే ఉంది. గడి చిన్నగా ఊగింది, నవ్వు ఆపుకుంటున్న వాళ్ళ తల ఊగినట్టు. మళ్ళీ టిక్కుమంది.

ఆఫ్ చేసి బియ్యం డబ్బాలో పెట్టాను. ఎందుకు అందులో పెట్టానో తెలీదు.

మార్చి 15, శనివారం

పాడైందని ఆయన దాన్ని షాపుకి పట్టుకెళ్ళారు. షాపాయన నవ్వితే తీసిందట, ఈయన చిరాగ్గా నిలబడితే ఊరుకుందట. లక్షణంగా ఉంది బాబూ, ముఖం లేందే గడి రాదు, ఎదురుగా ఏదైనా బొమ్మ తగిలించారేమో చూసుకోండి అన్నాడట.

మా ఇంట్లో బొమ్మలే లేవు. క్యాలెండర్‌లో కూడా అంకెలే.

మార్చి 18, మంగళవారం

ఆ ఫోటోలు వదినకి చూపించాను. ఏమీ చెప్పలేదు, ఊరికే చేతిలో పెట్టాను. గుమ్మాన్ని ఇన్నిసార్లు తీశావేమే, అమ్ముతున్నారా అంది. తర్వాత తనే అంది, అమ్మ ఎప్పుడూ అక్కడే నిలబడేదని. ఎవరైనా కెమెరా తెస్తే వంటింట్లోకి దూరిపోయేదట. కానీ చూడాలని ఆశ. గుమ్మంలో తల ఆనించి, కింది పెదవి పంటితో నొక్కిపట్టి, ఆగలేక ఫక్కుమనేదట. వాళ్ళు కెమెరా తిప్పేలోగా మాయం. పోయాక ఫోటో కోసం చుట్టాలందరి ఇళ్ళూ వెతికారట. ఒకదాంట్లో మోచెయ్యి దొరికిందట, అంతే.

నువ్వూ అదే బాపతు, మా తమ్ముడి రాత అంది.

ఆయనకి చెప్పాలా? ఖాళీ గుమ్మం చూపించి మీ అమ్మ అంటే ఆ మనిషి ఏమైపోతారు?

మార్చి 23, ఆదివారం

ఇంక వారమే ఉంది. ఇవాళ తియ్యాల్సిందే అని ఆయన నన్ను మిషను ముందు కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చున్నారు. కెమెరా అలమరలోనే. వదిన అలమర పక్కన నిలబడి స్క్రీన్‌లోకి తొంగి చూస్తోంది.

రెండు ముఖాలకి మూడు గడులేమిట్రా, దీనికి మత్తెక్కిందా అంది వదిన.

ఆయన కదలొద్దన్నారు. నేను తల తిప్పలేదు. మెడ మీద వెచ్చగా ఊపిరి తగిలింది, నవ్వు బిగబట్టినవాళ్ళ ఊపిరి. నా పెదవి దానంతట అది పళ్ళ కిందకి పోయింది. ఫక్కుమన్నాను. అంత గట్టిగా ఎప్పుడూ నవ్వి ఎరగను.

టిక్.

ఈసారి గుమ్మమే అలుక్కుపోయింది. నేను స్పష్టంగా ఉన్నాను.

మార్చి 25, మంగళవారం

ప్రింట్ తెచ్చారు. చాలాసేపు చూసి, అమ్మ ఇలాగే నవ్వేది అన్నారు. మళ్ళీ చూశారు. ఇంక మరిచిపోను అన్నారు.

వదిన ఫోటోని వెలుతురులోకి పట్టుకుని చూసింది. ఎవరు నేర్పారే నీకు అని అడిగింది. ఈసారి వెక్కిరింపు లేదు.

మార్చి 30, ఆదివారం

వెళ్ళారు.

ఏప్రిల్ 13, ఆదివారం

క్యాంపు ఫోన్ నుంచి మాట్లాడారు. ఫోటో హెల్మెట్‌లో ఉందట. తోటివాళ్ళు ఎవరయ్యా అని అడిగితే, ఒక్క క్షణం అమ్మ అనబోయానే, తిడతావా అన్నారు. నేను నవ్వాను. అదిగో అదే, ఆ నవ్వే అన్నారు.

కెమెరా ఇప్పుడు ఖాళీ గుమ్మాన్ని తియ్యడం లేదు. రోజంతా ఆన్‌లో పెట్టినా ఊరుకుంటోంది. ఇంట్లో ఎవరో ఊరెళ్ళినట్టుంది.

ఏప్రిల్ 20, ఆదివారం

ఆయనకి ఇంకొకటి పంపుదామనిపించింది. కెమెరా అలమరలో పెట్టి, గుమ్మంలో తల ఆనించి నిలబడ్డాను. నవ్వడం ఇప్పుడు తేలిగ్గానే వస్తోంది.

టిక్కుమంది.

వెళ్ళి చూశాను. గుమ్మం ఖాళీగా, స్పష్టంగా ఉంది. గొళ్ళెం మీద గీత కూడా.